రాని మనిషి వాటా

డకార్ నగరం పక్కనున్న రుఫిస్క్ ఊళ్లో పెండా ఇల్లు చూపించమంటే ఎవరైనా చూపిస్తారు. ఆమె చేసే పనేమిటంటే మాత్రం నీళ్లు నములుతారు. బడిలో బొమ్మలు నేర్పే ఉద్యోగం వదిలేసి, ఒక నెల్లాళ్లపాటు చేపల బజారు మొగలో నిలబడి, వచ్చేపోయే ప్రతివాళ్లనూ ఇంటిల్లిపాది క్షేమమూ అడిగింది. అదే తన కళాకృతి అంది.

"మేం రోజూ చేసేది అదేగా! మాకెవరూ చప్పట్లు కొట్టరేం?" అని చేపలమ్మేవాళ్లు పడీపడీ నవ్వారు.

డకార్‌లో జరిగే పెద్ద ప్రదర్శనకు రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ ఒకటే జవాబు: ఆలోచన బాగుంది, వస్తువు ఏదీ? ఇప్పుడామెకు నలభై ఒకటి. నలభై రెండు నిండినవాళ్లను అక్కడ తీసుకోరు. ఈసారి ఎంపిక సంఘం నుంచి మసాంబా అనే పెద్దాయన స్వయంగా చూడ్డానికి వస్తానన్నాడు.

పెండా వాకిట్లో చాప పరిచింది. మేనత్త బినెతా వండిన చేపల అన్నం పెద్ద పళ్లెంలో మధ్యన పెట్టింది. చుట్టూ ఏడుగురు ఇరుగుపొరుగువాళ్లు కూర్చున్నారు. ఎవరి ముందున్నది వాళ్ల వాటా, పక్కకు చెయ్యి పోదు. ఎనిమిదో వాటా ఎవరూ ముట్టరు. అందరూ తిని లేచాక పళ్లెంలో గట్టులా నిలిచే ఆ అన్నమే ఆమె చూపించదలచిన వస్తువు. గోడకు చీటీ కూడా అంటించింది: 'రాని మనిషి వాటా'.

మసాంబా వచ్చేసరికి వాళ్లింకా తింటున్నారు.

"రా నాయనా, చెయ్యి కడుక్కో," అంది బినెతా అలవాటు చొప్పున.

"తినే వచ్చానమ్మా."

"నా వంట కాదని వెళ్లినవాడు ఈ వీధిలో లేడు. కూర్చో!"

పెండా నోరు విప్పేలోగా ఆయన కూర్చున్నాడు, ఖాళీగా ఉన్న ఆ ఒక్క చోటులోనే. బినెతా చేప విరిచి ఆయన ముందుకు తోసింది. పెండా ఆపలేదు. భోజనానికి కూర్చున్న మనిషిని లేపే ఆడది ఆ ఇంట పుట్టలేదు.

పళ్లెం అడుగు కనిపించాక ఆయన చెయ్యి కడుక్కుని పుస్తకం తీశాడు. "ఇంతకీ మీ కళాకృతి ఎక్కడమ్మా?"

ఏడుగురూ చీటీ వైపు చూశారు. ఆయనా చదివాడు.

"అయ్యో! తినేశానా?"

"తినేశారు." పెండా ఖాళీ పళ్లెం ఆయన వైపు తిప్పింది. "వస్తువేదని రెండుసార్లు అడిగారుగా. రుచెలా ఉంది?"

"దీని పొగరంతా వాళ్ల నాన్నదే, మా అన్నయ్యది," అంది బినెతా.

"మరి నన్నేం రాయమంటారు?" అన్నాడు మసాంబా.

"ఆ వాటా ఎదురుచూడ్డానికి పెట్టింది. ఇవాళ మనిషి వచ్చాడు, పని నెరవేరింది. రేపు మళ్లీ మిగులుస్తాం. డకార్‌లోనూ ప్రదర్శన సాగినన్నాళ్లూ ఇంతే. తిన్న చేత్తోనే రాయండి."

మసాంబా కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. తర్వాత రాశాడు: 'వస్తువు ఉంది. అద్దాల పెట్టె అక్కర్లేదు. చాప కావాలి.'

"ఏం రాశాడే?" అని గొణిగింది బినెతా.

"నిన్ను కూడా డకార్ రమ్మంటున్నాడు అత్తా. పెద్ద గిన్నె సర్దుకో."