ముందు చక్రాలు రెండూ

వీధిలో అందరూ ఆమెను కర్టెన్లమ్మ అనేవారు. కిటికీల కొలతలు తీసుకోవడం, ఇంటికొచ్చి కుట్టడం, మళ్ళీ వెళ్ళి నిచ్చెనెక్కి పైపులు బిగించి తగిలించి రావడం, అంతా ఒంటిచేతి పని. బట్ట తానులూ పైపులూ మోయడానికి ఒక పాత కారు కొనుక్కుంది. నలభై దాటాక డ్రైవింగేమిటని నవ్వినవాళ్ళే తర్వాత ఆసుపత్రి దాకా దింపిపెట్టమని గుమ్మంలోకొచ్చి నిలబడేవారు.

ఆ కారు ఒకరోజు బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమనడం మొదలుపెట్టింది. వీధి చివరి షెడ్డుకు తీసుకెళ్ళింది. మెకానిక్ చక్రం సందులోంచి తొంగిచూసి, బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి, బండి వదిలేసి వెళ్ళమన్నాడు. ఎంత అరిగాయో చూపించమని అడిగింది.

"చూపించినా మీకర్థం కాదు మేడమ్. సార్‌ని పంపండి, ఆయనతో మాట్లాడతా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

సార్ అంటే ఆమె భర్త. మందుల దుకాణంలో పనిచేస్తాడు. కారు తలుపు తీయడం, వేయడం తప్ప ఆ బండి సంగతి ఆయనకేమీ తెలియదు. కర్టెన్లమ్మ బండి వెనక్కి తిప్పుకుంది. దారిలో విడిభాగాల దుకాణం దగ్గర ఆగి, ముందు చక్రాలకు ప్యాడ్లు కొనుక్కుని నెమ్మదిగా ఇల్లు చేరింది.

సంగతి విని భర్త గాభరాపడ్డాడు. అది కుట్టుమిషను కాదన్నాడు. బ్రేకులతో చెలగాటమా అన్నాడు. ఎక్కడైనా గుద్దితే నలుగురిలో తలెత్తుకోలేమన్నాడు.

"రోజూ ఆ బ్రేకును నమ్ముకుని తిరిగేది నేను. దాని సంగతి చూసేది కూడా నేనే" అంది.

ఇంట్లో అత్తగారు కూడా ఉండేది. ఆ అత్తాకోడళ్ళు ఉప్పూ నిప్పూ అని ఊరంతా చెప్పుకునేవారు. కోడలు ఏం చేసినా అత్తగారు వంక పెట్టేది. కోడలు ఫోనులో ప్యాడ్లు మార్చే వీడియోలు పెట్టుకుంటే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పక్కన చేరి, చూపించేవాడి గోళ్ళు మట్టికొట్టుకుపోయాయని సణిగేది. అలా సణుగుతూనే ప్రతి వీడియో చివరిదాకా చూసింది.

ఆదివారం భర్త డ్యూటీకి వెళ్ళగానే కర్టెన్లమ్మ పాత చీర నేలమీద పరిచింది. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డంపెట్టి, నట్లు కాస్త వదులు చేసి, జాకీతో బండి లేపి, కింద స్టాండు పెట్టింది. చక్రం ఊడదీస్తే లోపల డిస్కూ, దాన్ని రెండువైపులా కరిచిపట్టుకున్న ఇనుప దవడా కనిపించాయి. ఆ దవడ బోల్టు దగ్గరే చిక్కొచ్చిపడింది. ఎంత బలం పెట్టినా కదల్లేదు. స్పానరు జారి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. ఎదురింటాయన మేడమీంచి చూసి, షెడ్డుకు ఫోన్ చేయనా అని అడిగాడు. ఆమె అక్కర్లేదని చెప్పి, లోపలికెళ్ళి బలమైన కర్టెన్ పైపు ముక్క తెచ్చింది. దాన్ని స్పానరు పిడికి తొడిగి ఒంటి బరువంతా మోపి నొక్కింది. టప్పుమని బోల్టు వదిలింది.

ప్యాడ్లు బయటికి తీసి చూస్తే రేకు మీద రాపిడి పొర గోరంత మందం కూడా లేదు. ఇదా నాకు అర్థం కానిది అనుకుంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే, ఇప్పుడు బయటికి పొడుచుకొచ్చిన పిస్టన్‌ను, మిషను బల్లకు వాడే క్లాంపుతో మెల్లగా లోపలికి నెట్టి కొత్తవి పెట్టింది. రెండో చక్రానికొచ్చేసరికి చేతులు వాటంతట అవే నడిచాయి.

ఆఖరి నట్టు బిగిస్తుండగా భర్త భోజనానికి వచ్చాడు. ఆమె బండి కిందికి దించి, సీట్లో కూర్చుని బ్రేకు తొక్కింది. పెడల్ నేలకంటా దిగిపోయింది. భర్త నుదురు కొట్టుకున్నాడు.

కాసేపటికి ఆమెకు తట్టింది. పిస్టన్‌ను తనే వెనక్కి నెట్టింది కదా, మళ్ళీ మళ్ళీ తొక్కితే గాని ముందుకు రాదు. బానెట్ ఎత్తి, బ్రేకు నూనె మట్టం తాను చూస్తుంటానని, కాస్త తొక్కమని భర్తను అడిగింది. ఈ పాపంలో తనకు వాటా వద్దని ఆయన వెనక్కి జరిగాడు.

"నువ్వు తప్పుకోరా" అంది అత్తగారు. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ సీటెక్కి, పెడల్ మీద కాలు పెట్టింది. "ఇన్నేళ్ళూ నిన్ను తొక్కిపెట్టడం నా వల్ల కాలేదు. దీన్నైనా తొక్కనీవే" అంది కోడలితో.

కర్టెన్లమ్మ బానెట్ చాటున పగలబడి నవ్వింది. ఆవిడ తొక్కగా తొక్కగా పెడల్ గట్టిపడింది. నూనె మట్టం సరిగ్గానే ఉంది. అత్తగారు పక్క సీట్లోకి జరిగితే కోడలు స్టీరింగు పట్టింది. ఇద్దరూ నత్తనడకన సందులో అటూ ఇటూ తిరిగి, ఆపి చూసుకుని, తర్వాత నీళ్ళ ట్యాంకు పక్క ఏటవాలు దారిలో దిగారు. సగంలో బ్రేకు వేస్తే కారు కిక్కురుమనకుండా నిలబడింది.

భోజనం చేసి భర్త మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. సాయంత్రం దుకాణం నుంచి వస్తూ గాయాల మందు తెచ్చి, మిషను మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని చెక్కుకుపోయిన కణుపులకు రాసుకుంది.

మర్నాడు ఒక ఇంట్లో తెల్ల కర్టెన్లు తగిలించే పని. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. ఆ ఇంటావిడ అది చూసి, తెల్లబట్ట ముట్టుకునే చేతులేనా ఇవి అంది.

"నిన్న నా కారుకు బ్రేకులు మార్చుకున్నా. శుభ్రంగానే కడుక్కున్నా. మరక పడితే బట్ట మార్చిస్తా" అని, కర్టెన్లమ్మ పైపు భుజాన వేసుకుని నిచ్చెనెక్కింది.