లప్పం పెట్టనివ్వని పసుపు

మా పడకగది గోడలకు నునుపు కోసం లప్పం పెట్టించవలసి వచ్చినప్పుడు నా బుద్ధిని ఆవరించిన అయోమయం ఇప్పటికీ పూర్తిగా తొలగిపోలేదు. కావలిలో సముద్రపు గాలి తగిలే ఇల్లు మాది. ఆ గాలికి గోడలు ఉప్పు పొంగి, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతూ ఉంటే, కొన్నేళ్ల కిందట తీగలూ పువ్వులూ అచ్చువేసిన వాల్‌పేపర్ అతికించాము. చూపులకు గది చిత్రశాలవలె ఉండేది. ఆ కాగితం వెనుక చెమ్మ చేరి బూజు నల్లగా అల్లుకొన్న సంగతి, నా భార్యను దగ్గు పట్టుకొని వదలకపోయినాక గాని మాకు తెలిసిరాలేదు. కాగితం ఒలిపించి, గోడలు బాగుచేయించి, దుమ్మంతా అణగేదాకా ఆమె ఆ ఇంట ఉండరాదని వైద్యుడు ఖండితంగా చెప్పాడు. ఆమె నాయుడుపేటలోని చెల్లెలి ఇంటికి వెళ్లింది. అక్కడ ఆమెకు నిద్ర పట్టదు. ఇక్కడ నాకు అన్నం సయించదు. గోడలు ఎంత త్వరగా నునుపు తేలితే ఆమె అంత త్వరగా వస్తుందన్నదొక్కటే నా ఆత్రం.

మేస్త్రీ ముందు మూడు గోడల కాగితం వేడినీళ్లతో నానబెట్టి, రేకుతో ఒలిచాడు. వెంటనే లప్పం పెడతాడనుకొన్నాను. కాగితం ఊడినా బంక ఊడదనీ, బంకమీద లప్పం నిలవదనీ చెప్పి గోడలు కడిగాడు. కడిగినవి ఆరాలన్నాడు. నా కంటికి ఆరినట్లే ఉన్న గోడ అతని అరచేతికి తడిగా తోచేది. ఆరినాక ప్రైమర్ పూయాలట. దానిమీద పలుచగా లప్పం. అది ఆరినాక ఉప్పుకాగితంతో రుద్దుడు. రుద్దినదానిమీద మళ్లీ లప్పం. పూసినదానిని రుద్దడమెందుకో, రుద్దినదానిమీద మరల పూయడమెందుకో నాకు అవగతం కాలేదు. తల మాత్రం ఊపాను.

మిగిలిన తూర్పుగోడ కాగితాన్ని ఒలుస్తూ ఉండగా అతని చేయి ఆగిపోయింది.

"అయ్యవారూ, ఇట్ట రాండి. ఇదేందో చూడండి."

పసుపు పూసిన చదరం. దాని నడుమ వరుసగా కుంకుమ బొట్లు. వంశంలో పుణ్యవతిగా కన్నుమూసిన ఇల్లాలిని పేరంటాలని పిలిచి, ఇంటిగోడమీద పసుపుకుంకుమలతో నిలుపుకొని కొలవడం మా వైపు రైతు కుటుంబాలలో ఉన్న ఆచారమే. ఆ ఇల్లు మేము అటువంటి కుటుంబం వద్దనే కొన్నాము. వారు దొరవారిసత్రం వెళ్లి స్థిరపడ్డారు. ఇంట్లో ఉన్న ఆ పేరంటాలిని నిర్లక్ష్యం చేయరాదని నా భార్య ప్రతి శుక్రవారమూ ఆ చదరానికి పసుపు రాసి బొట్లు పెట్టేది. ఆ తరువాత వాల్‌పేపర్ దానిని కప్పివేసింది.

"దీనిమీద నేను రేకు పెట్టను. పెళ్లాంబిడ్డలు గలవాణ్ణి," అన్నాడు మేస్త్రీ.

"కాగితం అతికించినవాడు అతికించాడు కదయ్యా?"

"వాడిప్పుడు ఎట్టుండాడో ముందు కనుక్కోండి."

నా భార్యకు ఫోన్ చేశాను. సంగతి విన్నంతనే ఆమె కంఠం హెచ్చింది.

"ఆమెమీద లప్పం పెట్టిస్తారా? మతి ఉండే మాట్లాడుతున్నారా?"

"కాగితానికి ఒప్పుకొన్నావు కదా!"

"కాగితమంటే తెర. తెర వెనకాల ఉందిలే అనుకొని అగరొత్తి చూపించినా. లప్పమంటే పూడ్చిపెట్టడమే గదండీ. నేనొచ్చిందాకా తాకొద్దు."

"నువ్వు రావాలంటేనే కదే లప్పం కావలసింది?"

"అదీ నిజమే," అని దగ్గసాగింది.

లప్పం కానిదే ఆమె రాదు. ఆమె రానిదే లప్పం కాదు. తర్కశాస్త్రంలో ఇటువంటి చిక్కుకు అన్యోన్యాశ్రయమని పేరు. పేరు తెలిసినంత మాత్రాన చిక్కు వీడలేదు. ఆ చదరం వదిలి చుట్టూ పెడితే ఎట్లా ఉంటుందని అడిగాను. మేస్త్రీ వేలితో చూపాడు: బూజు అన్నిటికంటె దట్టంగా పట్టింది ఆ పసుపు అంచులనే. దానిని వదిలితే నా భార్య దగ్గును గదిలోనే వదిలినట్లు.

ఇక దిక్కుతోచక, మాకు ఇల్లు అమ్మి దొరవారిసత్రంలో ఉన్న పెద్దామెకు ఫోన్ చేశాను. ఆమె పకపక నవ్వింది.

"ఆమె మాతోనే వచ్చేసింది గదయ్యా! ఇల్లు ఖాళీ చేసిన పొద్దే గోడ మీది పసుపు గీరి, కొంగున ముడేసుకొని తెచ్చుకున్యాం. ఇప్పుడు మా వంటింటి గోడమీద ఉండాది. మీ కాడ ఉండేది వట్టి గోడే."

నా గుండె తేలికపడింది. మేస్త్రీ చేత నా భార్యను కూడా అదే ఫోనులో కలిపించి, ఆ మాటే మరల చెప్పించాను. నా భార్య వెంటనే ఆమెను అడిగింది.

"అయితే పెద్దమ్మా, ఇన్నాళ్లూ నేను బొట్లు పెట్టింది ఎవరికి?"

"నన్నడిగితే? పెట్టింది నువ్వు. అంత ప్రేమగా పిలిచినాక ఎవురో ఒకరు వచ్చుంటారులే తల్లీ."

"ఇంకేముంది, ఇప్పుడు ఇంకో ఆమె చేరింది అయ్యవారూ," అంటూ మేస్త్రీ రేకు కింద పెట్టేశాడు.

ఒక దేవత గోడ విడిచి వెళ్లినదని సంతోషించేలోపల, ఊరూపేరూ తెలియని మరొక దేవత అదే గోడమీద వెలసింది. ఇది నిజమో, ముగ్గురూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారో నాకు అర్థం కాలేదు. నా భార్య మాత్రం తేల్చిచెప్పింది.

"పెద్దమ్మ చేసినట్టే మనమూ చేద్దాం. తానం చేసి, కాస్త పసుపు గీరి గుడ్డలో కట్టి పూజగూట్లో పెట్టండి. మర్యాదగా పిలవండి."

స్నానం చేసి, మడి కట్టుకొని గోడముందు నిలిచాను. మేస్త్రీ ఫోను కిటికీలో పెట్టి చేతులు కట్టుకొన్నాడు. ఆవాహన మంత్రాలు నాకు కంఠస్థములే. ఆరంభించాను, నామధేయం పలుకవలసిన చోట నోరు ఆగిపోయింది.

"ఏమైందండీ?" అన్నది ఫోనులోనుంచి నా భార్య.

"పేరు కావాలి."

"పేరెందుకు? పక్కింటామె వస్తే పేరు పెట్టి పిలుస్తారా? రామ్మా అనండి, చాలు."

"రామ్మా," అన్నాను. ఆ గొంతు నాదివలె వినిపించలేదు. రేకు అంచుతో మెల్లగా గీరితే పసుపూ, సున్నపు పొడీ, కొంత బూజూ కూడా గుడ్డలో రాలాయి.

"వచ్చిందా?" అన్నది నా భార్య.

నాకు తెలిసే దారి ఏది? గుడ్డవంకా గోడవంకా చూచి, "వచ్చింది," అన్నాను.

"వచ్చిందంటే నాకు చాలు," అని మేస్త్రీ రేకు అందుకొన్నాడు. నేను గుడ్డ ముడివేసి పూజగూట్లో పెట్టాను.

పూతలూ రుద్దుళ్లూ ముగిసి, దుమ్మంతా తడిగుడ్డతో తుడిచినాక నా భార్య వచ్చింది. గుమ్మంలో కొంగు ముక్కుకు అడ్డంగా పట్టుకొని నిలిచింది. తరువాత కొంగు దించి, గది నడుమకు నడచి, నిండుగా ఊపిరి పీల్చింది. దగ్గు వస్తుందేమోనని చెవి ఒగ్గి నిలబడ్డాను. రాలేదు. మరొకసారి పీల్చింది. రాలేదు.

"ఏ చోటండీ?" అన్నది తూర్పుగోడ చూస్తూ.

నేనొక చోటు చూపాను. సామాను సర్దుకొంటున్న మేస్త్రీ మరొక చోటు చూపాడు. ఆమె రెండూ కావన్నది. ఆ గోడ పాలవలె తెల్లగా, ఎక్కడా ఏ జాడా లేకుండా ఉన్నది.

"పోనీలెండి. నాకు నిద్రొస్తా ఉంది. మంచం వాల్చండి," అన్నది.

మంచం తెచ్చాను. తూర్పుగోడవైపు కాళ్లు చాపవచ్చునో లేదో తెలియక, తలగడ ఏ గోడవైపు వేయాలని ఆమెనే అడిగాను.