నూనెకు కట్టిన మావు

కాగిన ఇంజిన్ ఆయిల్ వాసన ముక్కుకు తగిలితే చాలామంది ముఖం తిప్పుకుంటారు. నాకు మాత్రం సత్తిరాజు గారు గుర్తొస్తారు. ఈ ఉదయం రాజమండ్రిలో నా షెడ్డులో ఒక కారు ఆయిల్ దించుతుంటే మళ్లీ గుర్తొచ్చారు. మొగల్తూరు దగ్గర చేపల పడవల ఇంజిన్లు బాగుచేసే మేస్త్రి ఆయన. రేసు ట్రాక్ ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా నన్ను ట్రాక్ మీద నిలబెట్టింది ఆయనే.

అప్పట్లో ఒక పాత కారును నేనే సిద్ధం చేసుకుని చెన్నై దగ్గర రేసులకు తీసుకెళ్లేదాన్ని. అక్కడ పొడుగాటి కుడి మలుపు ఒకటుంది. అందులో తిరిగిన ప్రతిసారీ ఆయిల్ ప్రెషర్ సూది పడిపోయేది. నూనె చాలడం లేదేమోనని లీటరు ఎక్కువ పోశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. నూనె నురగెత్తి, బేరింగులు అరిగి, ఇంజిన్ సీజైపోయింది. రెండో ఇంజిన్ బిగిస్తుంటే నాన్న వచ్చి, "ఇది కూడా పోతే కారు అమ్మేద్దాం. ఇక ఆపెయ్యమ్మా" అన్నారు. సరేనన్నాను గానీ, రెండు రోజులు అన్నం సయించలేదు.

అలల మీద ఒరిగే పడవలో ఇంజిన్ ఎలా బతుకుతుందో కనుక్కుందామని కారుతో సహా సత్తిరాజు గారి దగ్గరికి వెళ్లాను. అంతా విని, "ఏంటమ్మాయ్, నూనె ఎంతుందో చూసుకున్నావు. ఎక్కడుందో చూసుకున్నావా?" అన్నారు. ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి, అదే సంపు, విప్పించి అందులో నీళ్లు పోశారు. ఒక పక్కకు ఒరగెత్తారు. నీళ్లన్నీ ఆ మూలకు పోయి, నూనె పీల్చే గొట్టం ఉండాల్సిన చోట పొడి రేకు తేలింది.

"మలుపులో అయ్యేది ఇదేనమ్మా. గొట్టం గాలి పీలుస్తోంది."

"మరి దారేంటండి?"

ఆయన గోడకు వేలాడుతున్న వెదురు మావు చూపించారు. కాలవలో పెడితే చేప అందులోకి దూరుతుంది, బయటికి రాలేదు. "నూనెకి కూడా ఇలాంటిదే కడదాం" అన్నారు.

గొట్టం చుట్టూ రేకు గోడలు నిలబెట్టి, వాటి అడుగున లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టాం. నేను బిగించిన తలుపు ఆయనకు నచ్చదు. "వేలితో తోస్తే తెరుచుకోవడం గొప్ప కాదమ్మా, నీళ్లు తోస్తే తెరుచుకోవాలి. విప్పు." నాలుగుసార్లు విప్పించారు. మూడోసారి కోపమొచ్చి స్పానర్ కింద పడేశాను కూడా. ఆయన చూడనట్టు ఊరుకున్నారు. ఐదోసారి ఒరగెత్తి పది లెక్కపెట్టినా గొట్టం మూతి నీళ్లలోనే ఉంది. మెచ్చుకోలేదు గానీ టీ తెప్పించారు.

తర్వాతి రేసులో ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి నా చూపంతా సూది మీదే. మొదటి ల్యాపులో సూది కదల్లేదు. రెండో ల్యాపులోనూ కదల్లేదు. మూడోదాంట్లో ధైర్యం చేసి బ్రేకు ఆలస్యంగా నొక్కాను. నేను భయపడి చచ్చిన ఆ మలుపులోనే ఇద్దర్ని దాటాను. హెల్మెట్‌లో ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను. మూడో స్థానంలో ముగించి, కారు దిగగానే ఆయనకు ఫోన్ చేశాను.

"మూడో స్థానం వచ్చిందండి."

"అది సరే. సూది ఏవైంది?"

"కదల్లేదండి."

ఆయన ఇంట్లోకి తిరిగి భార్యతో అంటున్నది వినిపించింది. "ఏవే, మన సంపు నిలబడింది."

ఆయన పోయి మూడేళ్లయింది. ఆ "మన" అన్న మాట వినకముందు ఏ పనైనా "నేనే చేశాను" అని చెప్పుకోవడం నాకు మహా ఇష్టం. ఇప్పుడు మా షెడ్డులో ఎవరు ఏ ఇంజిన్ బతికించినా, కారు యజమాని ముందు "మన పని" అనే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ, గెలిచి కారు దిగినట్టే ఉంటుంది.