వెనక వరస నుంచి

నకిరేకల్ దవాఖాన నుంచి మా బడికి వచ్చే నర్సమ్మ ఏనాడూ ముందు వరస నుంచి మొదలుపెట్టేది కాదు. కళ్లు చూసినా, గజ్జికి మందు పూసినా, పేలు దువ్వినా ఒకటే మాట: "ఎన్క కూసున్నోళ్లు ముంగటికి రాండ్రి."

ముందు వరసలో మగ్గాల ఇళ్ల పిల్లలం కూర్చునేవాళ్లం. వెనక, గుమ్మం దగ్గర, ఊరవతలి వాడ నుంచి వచ్చే పోశమ్మ ఒక్కతే. వాళ్లమ్మ తెల్లారకముందే కూలికి పోయేది. నాకైతే అవ్వ రోజూ నూనె రాసి జడ వేసేది. అయినా నర్సమ్మ పోశమ్మ తల ఒళ్లో పెట్టుకుని దువ్వుతుంటే నాకు ఒళ్లు మండేది. మా వంతు వచ్చేసరికి ఆమె బస్సు వేళయ్యేది.

"ఎప్పుడు జూసినా గామెనే ముందా?" అని ఒకసారి అడిగేశాను.

"రోజూ నువ్వే ముందు గదనే బిడ్డా," అని నవ్వింది. ఆ నవ్వులోనూ నాకు వాటా లేదనిపించింది.

ఆమె మళ్లీ వచ్చేలోపు నేను వెళ్లి పోశమ్మ పక్కన కూర్చున్నాను. తలకు తల ఆనించి పేలు ఎక్కించుకున్నాను. అవ్వ తిట్టిపోసినా అక్కడి నుంచి కదల్లేదు.

నర్సమ్మ వచ్చింది. నా జడ విప్పి చూసి, దువ్వెన పోశమ్మ చేతికిచ్చింది.

"నేను ముట్టొచ్చా, అమ్మా?" అంది పోశమ్మ భయంగా.

"తలకాయ ఒంచింది గదా, ముట్టు."

పోశమ్మ దువ్వింది. నేను ఓరగా పైకి చూశాను. నర్సమ్మ చెయ్యి అప్పుడు కూడా పోశమ్మ భుజం మీదే ఉంది.