రత్నమ్మక్క చాపిన కాళ్లు

మొన్న అంగట్లో ఎవరి చేతిలోంచో ఆముదం సీసా జారి పగిలింది. ఆ జిడ్డు వాసన తగలగానే నాకు ఎర్రగుంట్లలో మేమున్న అద్దె ఇల్లూ, పక్క వాటాలోని రత్నమ్మక్కా గుర్తుకొచ్చారు. వాళ్లది కోమట్ల ఇల్లు, బజారులో పప్పుల అంగడి. ఆమె నోటికి వీధంతా జడిసేది. నేను మాత్రం పిల్లను సాకడం ఆ నోటి దగ్గరే నేర్చుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. మా చిన్నికి రెండేళ్లు. చనుబాలు మాన్పించి చిక్కటి ఎనుము పాలకు అలవాటు చేశాక పిల్లకు విరేచనం గట్టిపడింది. ఒకరోజు నెత్తురు చుక్క కూడా కనిపించింది. మా అత్తగారు వాళ్ల ఊరి పద్ధతిలో తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి మలద్వారంలో పెట్టేవారు. పాపం, మనవరాలి బాధ చూడలేకే! కానీ పోనుపోను పిల్ల తమలపాకు కనబడితే చాలు, మంచం కిందికి దూరేది. ప్రొద్దుటూరు డాక్టరమ్మ మందు రాసింది. పాలు తగ్గించి పండ్లు, నీళ్లు ఎక్కువ ఇమ్మంది, తొడిమ జోలికి పోవద్దంది. అన్నీ చేస్తూనే ఉన్నాం, ఒక్క తొడిమ మాత్రం అత్తగారు మానలేదు. పిల్ల తలుపు చాటున కాళ్లు మెలేసుకుని, మొహం ఎర్రగా కందిపోయి నిలబడేది. "ముక్కు తల్లీ, ముక్కు" అంటూ మేమంతా చుట్టూ మూగేవాళ్లం.

ఒక పొద్దున ఆ గోల విని రత్నమ్మక్క చేతిలో చేటతోనే వచ్చింది. కాసేపు పిల్లనే చూసి, "అది యాడ ముక్కుతాంది మ్మే? బిగబట్టుకోనుండాది. మీరిట్లా మీద పడితే పెద్దోళ్లకైనా వస్తాదా?" అంది.

"మేం పిల్లల్ని సాకలేదా?" అన్నారు అత్తగారు కోపంగా.

"సాకినావులే పెద్దమ్మా, కాదనేదెవరు? బిడ్డకు శానా బయం పట్టుకుండాది. ముందా ఆకు అవతల పారేయి."

అందరినీ లోపలికి తరిమి, పెరటి గోడకు ఆనుకుని కూర్చుంది. కాళ్లు చాపి పాదాల మీద చిన్నిని కూర్చోబెట్టుకుంది. మన ఇళ్లలో తల్లులందరూ చేసేదే. అయితే ఆమె దొడ్డి సంగతే ఎత్తలేదు. అంగట్లో ఎలుక శెనగల మూటలో పడ్డ కథ చెప్పింది. పిల్ల నవ్వింది గానీ పని కాలేదు. "రాకపోతే పాయ, రేపు చూస్తాం" అని చంకనేసుకుని లేచింది. రోజూ పొద్దున పిల్ల తినగానే వచ్చేది. నేను గుమ్మంలోంచి చూస్తుండేదాన్ని.

అలా ఒకరోజు చిన్ని ఒక్కసారిగా ఆమె మెడను వాటేసుకుంది. "నొప్పీ!" అని కేక పెట్టింది. "ఏం కాదమ్మా, ఏం కాదు" అన్నాను గుమ్మంలోంచి.

అక్క నన్ను ఉరిమి చూసింది. "నొప్పి పుడతాంటే ఏం కాదంటావేంది? నోరు మూసుకో!" అంది. తర్వాత పిల్లతో, ఆమె గొంతులో నేనెన్నడూ వినని మెత్తదనంతో, "అవును తల్లీ, నొప్పే. నన్ను గట్టిగా పట్టుకో. నేనీడే ఉండా" అంది.

పిల్ల ఆమె జుట్టు పిడికిట పట్టి, ఏడుస్తూనే దొడ్డికి పోయింది. "చూడు మ్మే, నీ బిడ్డ నా కాళ్లకు పారాణి పెట్టింది!" అని అక్క పకపకా నవ్వింది. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఆ భయం పూర్తిగా వదలడానికి నెలలు పట్టింది, మందూ అన్నాళ్లూ నడిచింది.

రత్నమ్మక్క ఇప్పుడు లేదు. చిన్ని పెద్దదై దూరాన ఉద్యోగం చేస్తోంది. ఈమధ్య తను పెళ్లి చేసుకుందామనుకున్న అబ్బాయి మొహం చాటేశాడని ఫోనులో వెక్కివెక్కి ఏడ్చింది. "ఏం కాదులే" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"శానా నొప్పిగా ఉందా తల్లీ?" అన్నాను.

అటువైపు ఏడుపు ఇంకా పెద్దదైంది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తున్నా నేను ఫోను పెట్టేయలేదు.