సిస్టరమ్మ వేళ్లకు అందిన తీగలు

మా సిస్టరమ్మ పోయింది. ఇటిక్యాల దగ్గర మా ఊరికి వెళ్లి, తిరిగి వస్తూ నేను గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు కోసం నిలబడి ఉండగా ఆమె కోడలు ఫోన్ చేసింది. "పొద్దుగాల ఛాయ్ ఇద్దామని పోయిన, చెల్లె. లేవలే. నిద్రలనే పోయింది" అంది. కాసేపాగి, ఏడుస్తూనే, "రాత్రి గూడ కూరల ఉప్పెక్కువైందని తిట్టింది" అంది. నాకు ఏడుపుతో పాటు నవ్వూ వచ్చింది. ఆ ఇంటి నుంచి వచ్చే ఏ కబురులోనైనా కొంచెం నవ్వు ఉండేది. ఈ కబురులోనూ ఉంది.

ఆమె దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైంది. వీధి మొత్తం సిస్టరమ్మ అనే పిలిచేది. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు నేను ఆమె ఇంటి వెనక గదిలో అద్దెకు ఉండేదాన్ని. మా ఇంట్లో బడి దాటి కాలేజీకి వెళ్లిన మొదటిదాన్ని నేనే కాబట్టి ఏ విషయం ఎవరిని అడగాలో నాకు తెలిసేది కాదు. అన్నీ ఆమెనే అడిగేదాన్ని. ఆదివారం చర్చిలో ఆమె గిటారు వాయిస్తూ పాడేది. గొంతు పెద్దది, శ్రుతి మాత్రం దాని ఇష్టం. "నాకు వచ్చినయి నాలుగు ముక్కలు. దేవునికి అవి చాలు, పాస్టరుకే చాలవు" అనేది.

ఉద్యోగం వచ్చి ఊరు విడిచిన ఒక సీనియర్ అక్క తన గిటారును నాకిచ్చి వెళ్లింది. అది వాయించడం కాలేజీలో ఎవరో ఒకరు నేర్పారు. దాన్ని బతికించుకోవడం నేర్పింది మాత్రం సిస్టరమ్మే. అది మొదలైంది మా నాన్న వల్ల.

సెలవులకు గిటారును ఊరికి తీసుకెళ్లాను. తీగల మీద కొంచెం తుప్పు కనిపించింది మా నాన్నకు. నేను పక్కింటికి వెళ్లొచ్చేలోపు గిటారంతటికీ ఆముదం పట్టించాడు. తీగలకు, వాటిని బిగించే మరలకు, కట్టెకు, దేనికీ తక్కువ చేయలేదు. వాయిస్తే తడిగుడ్డ మీద కొట్టినట్టు దబదబమంది. దాన్ని దుప్పట్లో చుట్టుకుని వనపర్తికి తెచ్చాను.

సిస్టరమ్మ వాసన చూసింది. "ఏంది పిల్లా, గిటారుకు మలబద్ధకమా?" అంది. తర్వాత సంగతంతా విని, నా ఫోన్ లాక్కుని మా నాన్నతోనే మాట్లాడింది.

"ఏమన్నా, గిటారుకు ఆముదం పట్టిచ్చినవంట?"

"తుప్పు పట్టొద్దని అమ్మా. బండి ఇరుసుకు పెడ్తం గదా, గట్లనే."

"మంచిదే. రేపటికి దాని కడుపు సాఫైతది" అని, ఫోన్ పెట్టేసి, అరుగు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

దాన్ని హైదరాబాదు తీసుకెళ్లి బాగు చేయిస్తానన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "జ్వరమొచ్చినప్పుడల్లా పట్నం పోతవా? కూసో. నేను చెప్త, నువ్వు చెయ్యి. నేనైతే ముట్ట."

నిజంగానే ముట్టలేదు. టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిపించింది. నా చేత సబ్బుతో చేతులు కడిగించింది. గిటారును ఆమె పేషెంటు అనేది. పాత తీగలు విప్పడం, జిడ్డు తుడవడం, కొత్త తీగను కొంచెం వదులుగా మరకు చుట్టడం, అన్నీ కుర్చీలో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ చెప్పింది. మొదటి తీగను అత్యుత్సాహంతో బిగించాను. అది పుటుక్కున తెగి నా మణికట్టు మీద కొట్టింది. ఆమె అయోడిన్ రాస్తూ, "నీ చేతులకు తొందర, దాని ప్రాణానికి ముప్పు. చేసేది జర చెయ్యి, ఆగు, విను" అంది. ఆ తర్వాత ఆ చివరి మూడు మాటలూ నాతో ఎన్నిసార్లు అందో!

ఎండాకాలంలో అసలు పాఠం వచ్చింది. మా వైపు ఎండలకు మనుషులే వంగిపోతారు, కట్టెకు వంగడం ఒక లెక్కా? తీగల లాగుడుకు గిటారు మెడ ముందుకు వంగి, తీగలు పైకి లేచి, నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి. ఆ మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుందని, దాన్ని తాళంచెవి లాంటి చిన్న పానాతో తిప్పితే మెడ సరవుతుందని అప్పుడే తెలిసింది. వంపు ఎంతుందో కొలవడానికి ఆమె దగ్గర ఒక సాధనం ఉండేది: పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి కత్తిరించిన చిన్న ముక్క. తీగను మెడకు రెండు చివరలా నొక్కి పట్టి, మధ్యలో తీగకూ, దాని కింద మెడకు అడ్డంగా ఉండే లోహపు కమ్మీకీ నడుమ ఆ ముక్కను దూర్చాలి. రాసుకుంటూ వెళ్తే ఆరోగ్యం. వదులుగా ఆడితే జబ్బు.

"ఎవరి ఎక్స్‌రే ఇది?" అని అడిగాను.

"మా ఆయన మోకాలిది. మనిషి ఉన్నప్పుడు ఒక్క పనికీ వంగకపోయె. గిట్లనన్న పనికొస్తుండు."

కడ్డీని ఒకసారికి పావు చుట్టు దాటనిచ్చేది కాదు. ఇంకొంచెం తిప్పుతానంటే, "డోసు మీద డోసేస్తే పేషెంటు బతుకుతడా? ఛాయ్ తాగు. పోయి పండుకో. పొద్దుగాల చూద్దాం" అనేది. తెల్లారి చూస్తే మెడ తనంతట తాను ఇంకాస్త సర్దుకుని ఉండేది.

చదువయ్యాక నాగర్‌కర్నూల్‌లో ఒక చిన్న బడిలో టీచరుగా చేరాను. వీలున్న ఆదివారమల్లా వనపర్తి వెళ్లేదాన్ని. పోయిన వానాకాలంలో ఒకసారి వెళ్లేసరికి ఆమె గిటారు గోడకు వేలాడుతోంది, మీద దుమ్ము. ఆమె వస్తువు మీద దుమ్ము చూడటం నాకదే మొదటిసారి.

"రిటైరైన" అని చేతులు చూపించింది. కీళ్లవాతంతో వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. "నొక్కనీకి వస్తలేదు బిడ్డా. చర్చిల ఇప్పుడు కీబోర్డు పిలగాడు వాయిస్తుండు. మంచిగనే వాయిస్తడు దొంగ." నవ్వింది కానీ గోడ వైపు చూడలేదు.

మెల్లగా నొక్కినా పలికేలా తీగలను కిందికి దించుతానన్నాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. తీగలు ఆని ఉండే తెల్లటి ఎముక పట్టీని అడుగున అరగదీస్తేనే అవి కిందికి దిగుతాయి. ఎక్కువ అరిగితే ఆ తీగలు కమ్మీలకు తగిలి జరజరమంటాయి. ఆ పట్టీ ఆమె గిటారుతో పాటు వచ్చినది, ఆమె యవ్వనం నాటిది.

"కోసింది మల్ల మొలవదు పిల్లా."

"తెలుసు. జరంత జరంత చేస్త."

"చెయ్యి వణికితే?"

"వణికితే ఆగుత."

ఆమె లేచి, తనే తెల్ల తువ్వాలు పరిచింది.

సన్న తీగలు తెచ్చి వేశాను. అద్దం మీద గరుకు కాగితం అంటించి, పట్టీని నిటారుగా పట్టి, నాలుగు రుద్దులు రుద్ది, మళ్లీ బిగించి ఆమె చేతికిచ్చాను. నొక్కింది. ముఖం ముడుచుకుంది, ధ్వని రాలేదు. మళ్లీ విప్పాను. మళ్లీ రుద్దాను. మామూలు వేళ్లకు సరిపోయే ఎత్తు దాటి, ఇంకా కిందికి వెళ్లాను. లావు తీగ కొంచెం జరజరమనడం మొదలుపెట్టింది. అక్కడ ఆగి మళ్లీ ఇచ్చాను.

ఆమె వేళ్లు మెల్లగా, గుడ్డును పట్టుకున్నట్టు తీగల మీద దిగాయి. కుడిచేతి బొటనవేలితో మీటింది. ఆరు తీగలూ పలికాయి, సన్నగా, శుభ్రంగా.

ఇంకోసారి మీటింది. ఆ తర్వాత కోడలిని కేకేసింది: "ఓ పిల్లా! ఛాయ్ పెట్టు. నాకు గాదు, డాక్టరమ్మకు."

క్రిస్మస్‌కు చర్చిలో కుర్చీలో కూర్చుని వాయించింది. కీబోర్డు అబ్బాయి ధ్వని తగ్గించి ఆమె వాయింపు వెనకే నడిచాడు. నాలుగు ముక్కలే, కానీ నాలుగూ వచ్చాయి. పోయే ముందు రోజు సాయంత్రం కూడా అరుగు మీద వాయించిందని కోడలు చెప్పింది. తర్వాతే ఉప్పు గొడవ.

ఆమె కొడుకు గిటారును నాకు ఇచ్చాడు. ఇప్పుడది బడిలో ఉంది. నా వేళ్లు బలమైనవి, అలవాటుగా కొడితే లావు తీగ జరజరమంటుంది. కొత్త ఎముక పట్టీ కొంచెం ఎత్తుగా చేసి పెడితే ఆ చప్పుడు పోతుంది. అది నాకు ఒక గంట పని. ఇంకా చేయలేదు. ఆమె వేళ్లెంత నొక్కేవో అంతే నొక్కి, ఆమె బొటనవేలెంత మీటేదో అంతే మీటడం నేర్చుకుంటున్నాను.

అలా వాయిస్తే వెనక వరుసకు వినపడదు. మొన్న పిల్లలు మొదట వినపడట్లేదని అరిచారు, తర్వాత ఒకరినొకరు ఉష్ అనుకున్నారు, తర్వాత ఎవరూ చెప్పకుండానే పట్టాల మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే జరుగుతూ, జరుగుతూ, మోకాళ్లు నా చీర అంచుకు తగిలేంత దగ్గరికి వచ్చి, నోళ్లు తెరుచుకుని విన్నారు.