మట్టి తొక్కినవాడు

మొన్న నార్కట్‌పల్లి దగ్గర గడ్డి కలిపిన తడిమట్టి వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి.

చిన్నప్పటి ఓ సాయంత్రం గుర్తొచ్చింది. అది రజాకార్ల కాలం. దొర గడీకి వెట్టి ఇటుకలు కోసి వచ్చిన మా అమ్మ, అవ్వ, గుంజకు ఒరిగి కూర్చుంది. బానిసలకు గడ్డి ఇవ్వకుండానే ఇటుకలు చేయమన్న ఐగుప్తు రాజు కథను మా నాన్న, బాపు, బైబిల్లోంచి చదివాడు.

“గిండ్ల ప్రతి అక్షరం దేవుడు చెప్పిందే,” అన్నాడు.

అవ్వ కళ్లు తెరవలేదు. “గడ్డి లేకుంటే ఇటుక పగుల్తదని దేవునికెట్ల ఎరుక? మట్టి తొక్కినోడే రాసిండు.”

దేవుడు అవ్వను శిక్షిస్తాడేమోనని భయపడి, ఆమె పాదాలు పట్టుకుని ఆమెను క్షమించమని దేవుణ్ణి మనసులోనే ప్రార్థించాను. కాళ్లు వత్తుతున్నాననుకుంది.

“జర మడిమ కాడ వత్తు బిడ్డా,” అంది.

ఆ గ్రంథం ఎవరు రాశారో తేల్చే లావు పుస్తకాలు తర్వాత చాలా చదివి అలసిపోయాను. అవ్వ మాటే మిగిలింది. రాసినవాడి మడమలు ఎవరైనా వత్తారో లేదో.